అపలాచియా కొండల్లో ఆకలి, ఆరోగ్యం: మన సంఘం తరఫున ఏం పంపితే పనికొస్తుంది?

ఒహాయో_కాపురం
అందరికీ నమస్కారం. మాది కొలంబస్. ఇక్కడి మన తెలుగు సంఘం ఏటా సంక్రాంతికి ఏదో ఒక సేవా కార్యక్రమం పెట్టుకుంటుంది. ఈసారి తూర్పు కెంటకీ, వెస్ట్ వర్జీనియా కొండల్లో ఉన్నవాళ్ళకి ఏమైనా చేద్దామని నేనూ ఇంకో ఇద్దరమూ కమిటీలో అన్నాం. అనగానే సగం మంది లేచారు, "ఊళ్ళో మన బడులకే బెంచీలు లేవు, అమెరికా వాళ్ళకి మనం పెట్టేదేంటి" అని. ఆ గొడవ మా వాట్సాప్ గ్రూపులో ఇంకా నడుస్తోంది, దాన్ని ఇక్కడికి తేను.

నా ప్రశ్న ఇది. డబ్బాల ఆహారం, బియ్యం బస్తాలు, దుప్పట్లు పోగుచేసి వ్యాన్‌లో తీసుకెళ్ళి పంచుదామని ప్లాన్. అక్కడ ఆకలి మీద, ఆరోగ్యం మీద ఇప్పటికే పనిచేస్తున్న సంస్థలు ఏవి? మన చేతులతో మనం పంచడం మంచిదా, వాళ్ళకి అప్పగించడం మంచిదా? ఆ వైపు ఉన్నవాళ్ళెవరైనా ఉంటే చెప్పండి.

గోదారోడు
అమెరికాలో ఆకలా! ఆ కొండల్లో వాళ్ళ ఫొటోలు చూస్తే ఒక్కొక్కరూ నాకు రెండింతలున్నారు. సోడా తాగడం మానేస్తే సగం రోగాలు పోతాయి. ఎవరైనా తిట్టే ముందే చెప్తున్నా, నేను వెటకారానికి అనట్లేదు, నిజంగానే అడుగుతున్నా.

రాత్రిడ్యూటీ
నిజంగానే అడిగారు కాబట్టి తీరిగ్గా చెప్తాను. నేను తూర్పు కెంటకీలో డాక్టర్ని. జె-1 వేవర్ మీద వచ్చాను. తెలియనివాళ్ళ కోసం: జె-1 వీసా మీద రెసిడెన్సీ చేసినవాళ్ళు అది అయ్యాక రెండేళ్ళు సొంత దేశానికి వెళ్ళి ఉండాలి. డాక్టర్లు దొరకని చోట మూడేళ్ళు పనిచేస్తే ఆ షరతు తీసేస్తారు. ఈ కొండ ప్రాంతం అభివృద్ధి కోసం కేంద్రం, రాష్ట్రాలు కలిసి నడిపే అపలాచియన్ రీజినల్ కమిషన్ కూడా ఈ వేవర్లకి సిఫారసు చేస్తుంది. అందుకే ఈ కొండల్లో చిన్న ఆసుపత్రుల్లో కూడా ఒక రెడ్డి గారో, రావు గారో, పటేల్ గారో తగులుతుంటారు. మూడేళ్ళు కాగానే చాలామంది పెట్టె సర్దేస్తారు. నేను సర్దలేదు. ఎందుకని మా ఆవిడ ఇప్పటికీ అడుగుతూనే ఉంటుంది.

ఇక్కడి ఆకలి ఎముకలు బయటపడే ఆకలి కాదు. నెల మొదట్లో కార్డులో స్నాప్ డబ్బు పడుతుంది, అంటే పేదలు తిండి కొనుక్కోడానికి ప్రభుత్వం ఇచ్చే సాయం. మూడో వారానికి అయిపోతుంది. అప్పటినుంచి ఏది చౌకగా కడుపు నింపుతుందో అదే తిండి: తెల్ల బ్రెడ్డు, ప్యాకెట్ నూడుల్స్, చిప్స్, సోడా. ఒళ్ళు పెరగడం, తిండికి కటకటలాడటం రెండూ ఒకే మనిషిలో చూస్తాం. షుగర్ పేషెంటు నెలాఖర్లో కళ్ళు తిరిగి పడిపోయి వస్తే నేను మొదట అడిగేది, ఇన్సులిన్ వేసుకున్నాక తిన్నారా అని. చాలాసార్లు వేసుకుని ఉంటారు, తిని ఉండరు. ఇంట్లో ఏమీ లేదని మాత్రం చచ్చినా చెప్పరు. ఆకలి వేయలేదంటారు. పక్కనున్న కూతురు కళ్ళతో సైగ చేస్తే అప్పుడు తెలుస్తుంది.

ఆకుకూరలు తినమని చీటీ మీద రాయడం నాకు రెండు నిమిషాల పని. ఆ చీటీ పట్టుకుని ఆవిడ వెళ్ళాల్సిన సూపర్‌మార్కెట్ కొండ దారిలో అరగంట పైనే. దగ్గర్లో ఉన్నది డాలర్ జనరల్ అనే చౌక సరుకుల దుకాణం. బస్సు లేదు. కారుంటే గ్యాస్‌కి డబ్బుండదు, గ్యాస్ ఉంటే కారు రిపేరు. సోడా గురించి మీరన్నది అబద్ధం కాదు. కానీ బొగ్గు తవ్వకాలతో బావులు పాడైన చోట్ల, పైపు తిప్పితే రంగునీళ్ళు వచ్చే ఊళ్ళలో, మంచినీళ్ళు కూడా కొనుక్కోవాలి. కొనుక్కోవాల్సి వచ్చాక జనం ఏ సీసా కొంటారో మీరే చెప్పండి.

లెక్కలమాస్టారు
కొంచెం వెనకటి సంగతి కలుపుతాను. మనం అపలాచియా అనేది చిన్న జాగా కాదు. ఆ కమిషన్ 1965లో పుట్టింది. దాని పరిధిలో 13 రాష్ట్రాలు, 423 కౌంటీలు. న్యూయార్క్ దక్షిణ భాగం నుంచి మిసిసిపీ దాకా పోతుంది. అన్నీ పేద కౌంటీలు కావు. గట్టి పేదరికం ఎక్కువగా మధ్యలో, అంటే తూర్పు కెంటకీ, దక్షిణ వెస్ట్ వర్జీనియా, వర్జీనియా నైరుతి కొస, టెనెసీలో కొంత.

ఇప్పటి స్నాప్‌కి మూలమైన ఫుడ్ స్టాంపుల పథకం ఇక్కడే మొదలైందని చాలామందికి తెలియదు. 1960 ఎన్నికల ప్రచారంలో కెనడీ వెస్ట్ వర్జీనియా అంతా తిరిగాడు, అక్కడి తిండి పరిస్థితి చూశాడు. గెలిచాక ప్రయోగంగా పెట్టిన పథకంలో మొదటి స్టాంపులు 1961 మే 29న మెక్‌డొవెల్ కౌంటీలోని వెల్చ్ పట్టణంలో ఇచ్చారు. పని పోయిన ఒక గని కార్మికుడి కుటుంబం, ఇంట్లో 15 మంది, 95 డాలర్ల స్టాంపులు.

1950లో ఆ కౌంటీలో సుమారు 99 వేల జనం. 2020 లెక్కల్లో 19 వేలు. అక్కడ కింబల్ అనే ఊళ్ళో ఉన్న వాల్‌మార్ట్ 2016లో మూతపడింది. దుకాణం పోతే జనం దూరం వెళ్ళాలి, అది అందరికీ తోస్తుంది. తోచనిది ఇంకోటి ఉంది. అమ్ముడుపోని సరుకు ఆ దుకాణం నుంచే పక్కనున్న చిన్న ఫుడ్ బ్యాంకుకి వెళ్ళేది. అంటే ఒకే దెబ్బకి ఉద్యోగాలు పోయాయి, కూరగాయలు పోయాయి, దానంగా వచ్చే తిండీ పోయింది.

చింతచిగురు
ఒహాయో_కాపురం గారూ, మీరడిగిన దానికి నేను చెప్పగలను. మాది హంటింగ్టన్, వెస్ట్ వర్జీనియా. మా ఊళ్ళో ఫేసింగ్ హంగర్ అనే ఫుడ్ బ్యాంక్ ఉంది. వెస్ట్ వర్జీనియా, కెంటకీ, ఒహాయో మూడు రాష్ట్రాల్లో 17 కౌంటీలకి అదే ఆధారం. అంటే మీ రాష్ట్రంలో కొంత భాగం కూడా దానిలోనే ఉంది. వెస్ట్ వర్జీనియాలో మిగతా కౌంటీలని గాసవేలో ఉన్న మౌంటెనీర్ ఫుడ్ బ్యాంక్ చూస్తుంది. తూర్పు కెంటకీకి లెక్సింగ్టన్‌లోని గాడ్స్ ప్యాంట్రీ.

ఇది ఎలా నడుస్తుందంటే, ఫుడ్ బ్యాంక్ అంటే పెద్ద గోదాము. అది జనానికి నేరుగా పంచేది తక్కువ. పంచేవి ప్యాంట్రీలు. అవి ఎక్కువగా చర్చి బేస్‌మెంట్లలో, మూతపడ్డ బడుల్లో, ఫైర్ స్టేషన్ పక్క షెడ్లలో ఉంటాయి. నడిపేది దాదాపు అన్నిచోట్లా అరవై డెబ్భై దాటిన ఆడవాళ్ళు. ట్రక్కు వచ్చిన రోజు నడుం పట్టీలు కట్టుకుని పెట్టెలు మోస్తారు. వాళ్ళకున్న పెద్ద టెన్షన్ సరుకు కాదు, ఫ్రీజరు. గోదాములో మాంసం, పాలు ఉంటాయి, పెట్టుకోడానికి చోటులేక వద్దంటారు. ప్యాంట్రీకి కూడా రాలేని ఊళ్ళకి ట్రక్కే వెళ్ళి ఖాళీ స్థలంలో ఆగుతుంది, జనం కార్లలో వరస కడతారు.

ఇక సూటిగా. బియ్యం బస్తాలు తేకండి. కందిపప్పు అసలే తేకండి. వాళ్ళ తిండి పింటో బీన్స్, మొక్కజొన్న రొట్టె. మనకి పప్పన్నం ఎంతో వాళ్ళకి అది అంత. పది కిలోల సోనా మసూరి ఇస్తే మొహమాటానికి తీసుకుని మూల పెడతారు. డబ్బాలే తెస్తానంటే ఉప్పు తక్కువున్న కూరగాయలు, సొంత రసంలో ఉన్న పళ్ళు, చికెన్, ట్యూనా, పీనట్ బటర్. మూత లాగితే వచ్చే డబ్బాలైతే ఇంకా మంచిది, ఆర్థరైటిస్ చేతులతో డబ్బా కోయలేరు.

అన్నిటికన్నా డబ్బు మంచిది. మీరు అంగట్లో ఒక డబ్బా కొనే ధరకి ఫుడ్ బ్యాంక్ టోకున చాలా ఎక్కువ కొంటుంది. ఇంకోటి, స్నాప్ కార్డుతో తిండి తప్ప ఏదీ కొననివ్వరు. సబ్బు, టాయిలెట్ పేపరు, డైపర్లు, శానిటరీ ప్యాడ్లు, ఏవీ రావు. ప్యాంట్రీలో డైపర్లు పెడితే మధ్యాహ్నానికి ఉండవు. వస్తువులే ఇవ్వాలని మీ కమిటీ పట్టుబడితే వీటి మీద పెట్టండి.

గోదారోడు
సరే, కానీ అంత బొగ్గు తవ్వి అమ్మినవాళ్ళు ఎక్కడికి పోయారు? ప్రభుత్వం ఏం చేస్తోంది? ఎవరికి ఓట్లేశారో వాళ్ళనే అడగాలి కదా. చర్చి ముసలమ్మలు పెట్టెలు మోస్తే దేశం నడుస్తుందా?

నిర్వాహకుడు
ఓట్ల సంగతి ఈ థ్రెడ్‌లో వద్దు. దానికి వేరే విభాగం ఉంది, అక్కడ ఇప్పటికే తగినంత రక్తపాతం జరుగుతోంది.

బొగ్గుబావి
ఓట్లు వదిలేసి మొదటి ప్రశ్నకి జవాబిస్తా. నేను గోదావరిఖనిలో పుట్టి పెరిగాను. మా నాన్న సింగరేణిలో బాయి దిగేవాడు. ఇప్పుడుంటున్నది పిట్స్‌బర్గ్. క్వార్టరు, ఆసుపత్రి, బడి అన్నీ కంపెనీవే అయిన ఊరు ఎలా ఉంటుందో నాకు ఒంటికి తెలుసు. ఇక్కడి కోల్ క్యాంపులు అలాంటివే, కాకపోతే కంపెనీలన్నీ ప్రైవేటువి. చాలాచోట్ల జీతం డాలర్లలో కాకుండా స్క్రిప్ అనే బిళ్ళల్లో ఇచ్చేవాళ్ళు. అవి కంపెనీ దుకాణంలోనే చెల్లుతాయి. అక్కడి ధరలు కంపెనీ పెట్టినవే. తిండి మీద ఆధిపత్యం ఇవాళ్టిది కాదు.

ఆరోగ్యం విషయంలో ఒక మంచి కాలం కూడా నడిచింది. గని కార్మికుల యూనియన్ 1946లో సమ్మె చేసి సంక్షేమ నిధి సాధించింది. తవ్విన ప్రతి టన్ను బొగ్గు మీద ఇంత అని కంపెనీలు ఆ నిధికి కట్టాలి. ఆ డబ్బుతో 1956లో కెంటకీ, వెస్ట్ వర్జీనియా, వర్జీనియాల్లో పది ఆసుపత్రులు కట్టారు, అప్పటికి మంచి ఆధునికమైనవి. ఆ తరవాత యంత్రాలు వచ్చాయి, బొగ్గు గిరాకీ పడింది, నిధి ఎండింది. 1960ల మొదట్లోనే యూనియన్ చేతులెత్తేసింది. ప్రెస్బిటేరియన్ చర్చి ముందుకొచ్చి, ప్రభుత్వ సాయంతో వాటిని ఒక లాభాపేక్ష లేని సంస్థ కిందకి తెచ్చింది. ఇప్పటి అపలాచియన్ రీజినల్ హెల్త్‌కేర్ ఆసుపత్రుల మూలం అదే. చర్చిలు సేవ పేరుతో ఫొటోలు దిగుతాయని విసుక్కునేవాళ్ళకి చెప్తున్నా, అప్పుడు అవి లేకపోతే ఆసుపత్రులకి తాళాలు పడేవి.

ఇంక బ్లాక్ లంగ్. బొగ్గు ధూళితో ఊపిరితిత్తులు గట్టిపడిపోయే జబ్బు. 1968లో ఫార్మింగ్టన్ గని పేలి 78 మంది పోయారు, మరుసటేడు వెస్ట్ వర్జీనియా కార్మికులు బ్లాక్ లంగ్ పరిహారం కోసం గనులు ఆపేశారు, ఆ ఏడాదే కేంద్ర చట్టం వచ్చింది. జబ్బు తగ్గింది. మళ్ళీ వచ్చింది. మందం బొగ్గు అయిపోయి సన్నటి పొరలు మిగిలాయి. వాటి కోసం రాయిని కోయాలి. రాతి ధూళిలో సిలికా ఉంటుంది, అది బొగ్గు కన్నా చెడ్డది. దీన్ని బయటపెట్టింది పెద్ద యూనివర్సిటీ కాదు, వర్జీనియా మూలనున్న చిన్న క్లినిక్కులు. అక్కడి మూడు క్లినిక్కుల రికార్డులు చూస్తే 2013 నుంచి 2017 మధ్య ముదిరిపోయిన దశలో 416 మంది తేలారని 2018లో పరిశోధకులు ప్రకటించారు. కొందరు నలభైల్లో ఉన్నవాళ్ళు. వాళ్ళు మెట్లెక్కలేరు, ప్యాంట్రీ పెట్టె ఎత్తలేరు.

రాత్రిడ్యూటీ
బొగ్గుబావి గారు గొప్పగా చెప్పారు. దీనికి యూలా హాల్ గురించి చెప్పకపోతే వెలితి. ఫ్లాయిడ్ కౌంటీ, కెంటకీ. చదివింది ఎనిమిదో తరగతి. 1973లో మడ్ క్రీక్ అనే చోట క్లినిక్ తెరిచింది. చోటు చాలక తన ఇంటినే క్లినిక్‌కి ఇచ్చేసి కుటుంబాన్ని ట్రైలరులోకి మార్చింది. డబ్బుంటే ఇవ్వండి, లేకపోతే లేదు, చూడకుండా మాత్రం పంపం. ఇదే పద్ధతి.

1982లో ఆ క్లినిక్ కాలిపోయింది. మందులు, రికార్డులు, అన్నీ. మర్నాడు పొద్దున చెట్టు కింద పిక్నిక్ బల్ల వేసి డాక్టర్ చేత పేషెంట్లని చూపించింది. ఫోన్ కంపెనీ వాళ్ళని పిలిచి చెట్టుకే ఫోన్ బిగించమంది. వాళ్ళు తెల్లబోయారట. పక్క గనుల వాళ్ళు చెట్టుకి ఫోన్ బిగించుకున్నప్పుడు నాకెందుకు కుదరదని వాదించి బిగించుకుంది. కొత్త భవనానికి, స్థానికంగా 80 వేల డాలర్లు పోగుచేస్తే మిగతాది ఇస్తామని అపలాచియన్ కమిషన్ అంది. బొంతలు లాటరీ వేశారు, చికెన్ భోజనాలు అమ్మారు, రేడియోలో అడిగారు, రోడ్డు మీద కార్లాపి బకెట్లు పట్టుకున్నారు. అడిగిన దానికన్నా ఎక్కువే వచ్చింది. ఎవరి దగ్గర? నెలాఖర్లో తిండిలేని ఆ జనం దగ్గరే.

ఆ క్లినిక్‌లో ఒక పక్క ఫుడ్ ప్యాంట్రీ కూడా ఉండేది. ఆకలి, జబ్బు రెండు వేరు శాఖలని ఆవిడకి ఎవరూ చెప్పినట్టు లేదు. అంతేకాదు, బ్లాక్ లంగ్ పరిహారాలు, వైకల్య పింఛన్లు తిరస్కరించినప్పుడు పేషెంట్ల తరఫున విచారణలకి తనే వెళ్ళి వాదించేది. లాయరు కాదు. 2021లో 93 ఏళ్ళకి పోయింది. క్లినిక్ ఇప్పుడు ఆవిడ పేరుతోనే నడుస్తోంది.

బయటినుంచి వచ్చి ఇక్కడ మంచి పని చేసినవాళ్ళు లేరనను. 1925లో మేరీ బ్రెకిన్రిడ్జ్ లెస్లీ కౌంటీలో గుర్రాల మీద తిరిగే నర్సు మంత్రసానులతో ఫ్రాంటియర్ నర్సింగ్ సర్వీస్ పెట్టింది, వాగులు దాటి వెళ్ళి పురుళ్ళు పోశారు. నేనూ బయటివాణ్ణే. కానీ నేను వెళ్ళిపోతే ఇంకో జె-1 వస్తాడు. యూలా హాల్ లాంటివాళ్ళు వెళ్ళరు.

పంటిడాక్టరమ్మ
నేను రిచ్‌మండ్‌లో డెంటల్ చదివేటప్పుడు వర్జీనియా కొండల్లోని వైజ్ కౌంటీలో జరిగే ఉచిత వైద్య క్యాంపుకి వాలంటీర్‌గా వెళ్ళాను. రిమోట్ ఏరియా మెడికల్ అనే సంస్థ పెట్టేది. స్టాన్ బ్రాక్ అనే బ్రిటిష్ ఆయన 1985లో మొదలుపెట్టాడు. ఒకప్పుడు గయానాలో పశువుల కాపరి, తరవాత అమెరికాలో అడవి జంతువుల టీవీ కార్యక్రమంలో కనిపించేవాడు. గయానాలో గుర్రం తొక్కి దెబ్బ తగిలితే, డాక్టరు ఉన్న చోటికి నడక 26 రోజులని ఎవరో చెప్పారట. డాక్టరు లేని దేశాలకి వైద్యం తీసుకెళ్దామని పెట్టిన సంస్థ, ఎక్కువ క్యాంపులు అమెరికాలోనే పెట్టాల్సి వచ్చింది.

క్యాంపు జాతర మైదానంలో. పశువుల ప్రదర్శనకి కట్టిన షెడ్లలో కంటి పరీక్షలు, టెంట్ల కింద వరసగా డెంటల్ కుర్చీలు. జనం ముందు రోజు రాత్రే వచ్చి కార్లలో పడుకుంటారు, తెల్లారకముందే గేటు దగ్గర నంబర్లు ఇస్తారు. నా కుర్చీలో కూర్చున్నవాళ్ళలో ఎక్కువమంది అడిగింది పన్ను బాగుచేయమని కాదు, పీకేయమని. ముప్ఫై దాటని అమ్మాయి అన్నీ తీసేయమంది. నొప్పి మళ్ళీ వస్తే మళ్ళీ ఏడాది ఆగాలి కదా అంది. పళ్ళు లేకపోతే ఆపిల్ ఎలా తింటారు, క్యారెట్ ఎలా నములుతారు? పోషకాహారం క్లాసులు చెప్పేవాళ్ళు దీన్ని ఎందుకు మర్చిపోతారో నాకర్థం కాదు.

అక్కడ స్థానికంగా ఏడాది పొడుగునా పనిచేసేది హెల్త్ వ్యాగన్. 1980లో ఒక నన్, సిస్టర్ బెర్నీ కెన్నీ, ఎర్ర ఫోక్స్‌వాగన్ బీటిల్ కారులో మందులు పెట్టుకుని కొండలెక్కడంతో మొదలైంది. తరవాత నర్స్ ప్రాక్టీషనర్ల చేతికి వచ్చింది, పెద్ద బండ్లు వచ్చాయి. 2015 జులైలో వైజ్ క్యాంపుకి డ్రోన్‌తో మందులు తెచ్చారు, అమెరికాలో ప్రభుత్వ అనుమతితో అలా జరగడం అదే మొదలు. టీవీల వాళ్ళంతా డ్రోన్‌ని చూపించారు. దించిన మందులు మామూలు బీపీ, షుగర్ లాంటి వాటివే, అది పెద్దగా ఎవరూ చెప్పలేదు.

లెక్కలమాస్టారు
అమ్మా, ఒక మాట. క్యాంపుల వల్ల తీరేది ఎంత, చట్టం వల్ల తీరేది ఎంత? పేదలకి ప్రభుత్వం ఇచ్చే ఆరోగ్య బీమా మెడికెయిడ్‌ని కెంటకీ, వెస్ట్ వర్జీనియా 2014లోనే విస్తరించాయి. వర్జీనియా 2019 జనవరి దాకా ఆగింది. పెద్దవాళ్ళ పళ్ళకి పూర్తి కవరేజీ 2021 జులైలో ఇచ్చింది. టెనెసీ ఇప్పటికీ విస్తరించలేదు. మీరు చెప్పిన రిమోట్ ఏరియా మెడికల్ కార్యాలయం ఉన్నదేమో టెనెసీలో!

తిండి విషయంలోనూ అంతే. ఫుడ్ బ్యాంకులు ఒక పూట పెడితే స్నాప్ తొమ్మిది పూటలు పెడుతుందని ఫుడ్ బ్యాంకుల జాతీయ సంస్థ ఫీడింగ్ అమెరికానే చెప్తుంది. స్నాప్‌లో పదో వంతు కోసినా, ఆ లోటు పూడ్చడానికి ఫుడ్ బ్యాంకులు తమ పని దాదాపు రెట్టింపు చేయాలి.

పంటిడాక్టరమ్మ
ఒప్పుకుంటా మాస్టారూ. కానీ కవరేజీ కార్డు వచ్చినా తీసుకునే డెంటిస్టు ఆ కౌంటీలో ఉండాలి కదా. చట్టం వచ్చాక కూడా బండి కావాలి.

చింతచిగురు
మాస్టారి లెక్క 2025 నవంబరులో మా కళ్ళ ముందే జరిగింది. కేంద్ర ప్రభుత్వం మూతపడి స్నాప్ డబ్బు ఆగింది. నెల చివరి వారంలో కనిపించే వరస ఒకటో తారీఖునే కనిపించింది. ఎప్పుడూ ప్యాంట్రీకి రానివాళ్ళు వచ్చారు. నర్సింగ్ హోములో పనిచేసే ఆయాలు, యూనిఫాంతోనే. ఆ ఏడు జులైలో వచ్చిన చట్టంతో స్నాప్‌కి ఉన్న పని షరతు 64 ఏళ్ళ దాకా పెంచారు, నెలకి 80 గంటలు పనో శిక్షణో చూపించాలి. గనిలో నడుం పోయి, వైకల్యం కాగితం రాక మధ్యలో వేలాడుతున్న అరవై ఏళ్ళ మనిషి ఆ గంటలు ఎక్కడ చూపిస్తాడు? ఆ వయసు వాళ్ళు ఇక్కడ మనవల్ని పెంచుతుంటారు కూడా, మత్తుమందులు మధ్య తరాన్ని తీసుకుపోయాయి. పద్నాలుగేళ్ళ లోపు పిల్లలుంటే మినహాయింపు ఉంది. ఆ కాగితాలు సకాలంలో పంపడానికి ఇంట్లో ఇంటర్నెట్ ఉండాలి.

తోటకూర
ఇన్ని బాధల మధ్య నాకు నచ్చిన పనులు రెండు చెప్తాను. లెక్సింగ్టన్ దగ్గర ఉంటాం. బెరియా కాలేజీ వాళ్ళది గ్రో అపలాచియా అని ఒక కార్యక్రమం ఉంది, పదిహేనేళ్ళ పైనుంచి నడుస్తోంది. వండిన తిండి పంచరు. విత్తనాలు, పనిముట్లు, ఎరువు ఇస్తారు, దున్నిపెడతారు, పండింది నిలవ చేసుకోవడం నేర్పుతారు. నేర్పేది స్థానిక సంఘాల వాళ్ళే. ఈ కొండల్లో ప్రతి ఇంటికీ తోట ఉండేది, ఒక తరం వదిలేసింది, అవ్వలకి ఇంకా గుర్తుంది. చిక్కుడుకాయలు దారానికి గుచ్చి వసారాలో వేలాడదీసి ఎండబెట్టడం చూశాను, అచ్చం మన ఒరుగులే.

రెండోది లెచర్ కౌంటీలో. వైట్స్‌బర్గ్ రైతుబజారుకి అక్కడి మౌంటెన్ కాంప్రిహెన్సివ్ హెల్త్ వాళ్ళు 2015లో ముడిపెట్టారు. షుగరు, బీపీ ఉన్నవాళ్ళకి, గర్భిణులకి డాక్టరు మందుల చీటీతో పాటు కూరగాయల చీటీ కూడా రాస్తారు. బజారులో ఇస్తే కూరగాయలు వస్తాయి. డబ్బు రైతుకి వెళ్తుంది. ఇందులో నాకు నచ్చింది, తీసుకునేవాడు చేయి చాచినట్టుండదు. రాత్రిడ్యూటీ గారూ, మీకు ఇది కనిపించిందా?

రాత్రిడ్యూటీ
మా కౌంటీ కాదు కానీ తెలుసు. బాగుంది, చీటీలకి డబ్బున్నంత కాలం. ఇలాంటివన్నీ గ్రాంటుల మీద నడుస్తాయి. గ్రాంటు అయిపోతుంది, షుగరు అయిపోదు. చలికాలంలో బజారే ఉండదు. అయినా ఉన్నప్పుడు మార్పు కనిపిస్తుంది, నేను కాదనను.

వైట్స్‌బర్గ్‌లో కేన్ కిచెన్ అని పాత హైస్కూలు భవనంలో ఒక సామూహిక వంటశాల ఉంది. రైతులు తమ పంటతో పచ్చళ్ళు, జాములు చేసి అమ్ముకోడానికి పెట్టారు. 2022 జులై చివర్లో వరద వచ్చి తూర్పు కెంటకీలో నలభై మందికి పైగా చనిపోయారు, ఇళ్ళే కొట్టుకుపోయాయి. అప్పుడు ఆ పొయ్యిలే ఊరికి అన్నం పెట్టాయి. బయటి సాయం వచ్చేసరికి రోడ్లు లేవు. ఉన్నవాళ్ళు ఉన్నదానితో వండారు.

బొగ్గుబావి
నార్త్ కరొలైనా వైపు 2024 సెప్టెంబరులో హెలీన్ తుఫానుకి ఆష్‌విల్‌లో మన్నా ఫుడ్ బ్యాంక్ గోదామే నీళ్ళలో పోయింది. వాళ్ళు వేరే చోటు వెతుక్కుని కొద్ది రోజుల్లోనే మళ్ళీ పంచడం మొదలుపెట్టారు. తొందరగా ఎలా కుదిరిందంటే, కొండల్లో ఉన్న చిన్న ప్యాంట్రీలు ఎక్కడెక్కడ ఉన్నాయో, ఎవరి తాళం ఎవరి దగ్గరుందో వాళ్ళకి ముందే తెలుసు. మనం వ్యాన్ వేసుకెళ్తే ఆ తాళం సంగతి మనకి తెలియదు.

ఒహాయో_కాపురం
అందరికీ ధన్యవాదాలు. ఈ థ్రెడ్ మొత్తం కమిటీలో చదివి వినిపించాను. తేలింది ఇది: పోగైన డబ్బులో ఎక్కువ భాగం ఫేసింగ్ హంగర్‌కి. కొంత తీసిపెట్టి ఒక చిన్న ప్యాంట్రీకి ఫ్రీజరు కొనిద్దామని. పిల్లల చేత డైపర్లు, సబ్బులు సేకరణ. బియ్యం బస్తాలు రద్దు. ఒక పెద్దాయన ఇప్పటికే ఇరవై బస్తాలు మాట్లాడేశారు, అవి గుడి అన్నదానానికి మళ్ళించాం.

రెండు సందేహాలు. ఫ్రీజరు ఏ ప్యాంట్రీకి ఇవ్వాలో ఎవర్ని అడగాలి? ఇంకోటి, మావాళ్ళు బ్యానరు కట్టి పంచుతూ ఫొటోలు దిగుతామంటున్నారు. లేకపోతే వచ్చే ఏడు దాతలు ఇవ్వరట.

గోదారోడు
ఫొటో లేకపోతే మన సంఘాల్లో సేవే జరగదు బ్రో, అది నిజం. నాకైతే ప్రభుత్వం చేయాల్సిన పని ముసలమ్మల మీద పడేశారనే అనిపిస్తోంది, ఇన్ని చదివాక ఇంకా ఎక్కువ అనిపిస్తోంది. ఆ ఫ్రీజరుకి నా వంతు ఎంతో చెప్పండి, పంపిస్తా.

చింతచిగురు
ఫుడ్ బ్యాంక్ ఆఫీసులో చెక్కు ఇచ్చేటప్పుడు బ్యానరు కట్టుకోండి, ఎన్ని ఫొటోలైనా దిగండి, వాళ్ళూ నవ్వుతూ నిలబడతారు. ప్యాంట్రీ వరసలో మాత్రం ఒక్కటి కూడా వద్దు. చిన్న ఊళ్ళు. ఫలానావాళ్ళు పెట్టె తీసుకున్నారని ఫేస్‌బుక్‌లో కనిపిస్తే ఆ కుటుంబం మళ్ళీ రాదు, పస్తుంటారు గానీ రారు.

ఫ్రీజరుకి ఫుడ్ బ్యాంకులో ప్యాంట్రీల వ్యవహారం చూసే విభాగానికి ఫోన్ చేయండి. ఎవరికి చోటుంది, ఎవరి భవనంలో కరెంటు వైరింగు తట్టుకుంటుంది, వాళ్ళకే తెలుసు. కొత్తదే కొనండి, ఇంట్లో పాతది వద్దు. కరెంటు బిల్లుకి కూడా ఒక ఏడాదికి సరిపడా ఇస్తే ఆ ప్యాంట్రీ అవ్వ మిమ్మల్ని జన్మలో మర్చిపోదు, అది ఎవరూ ఇవ్వరు. డైపర్లలో నాలుగు, ఐదు, ఆరు సైజులు తీసుకోండి, అప్పుడే పుట్టినవాళ్ళవి అందరూ ఇస్తారు. జనవరిలో కొండ రోడ్ల మీద మంచు గడ్డకడుతుంది, మీ వ్యాను హంటింగ్టన్ దాకా తెస్తే చాలు. అక్కడినుంచి వాళ్ళ ట్రక్కులో ఎక్కిస్తాం.